విన్నవాళ్ళను అడిగావా?

ఆ ఉదయం పాలామె కేక వేయలేదు. రోజూ వీధి మలుపులోనే గొంతెత్తి అరిచే మనిషి నేరుగా గుమ్మం దాకా వచ్చింది. చెంబులో పాలు చప్పుడు కాకుండా వంచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని నిలబడింది. ఎవరో పోయారని ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఎవరన్నదే తెలియాలి.

"నాలుగో వీధిలో టీచరమ్మ తెల్లారతానే పోయిందంటమ్మా. మీకు చదువు చెప్పినామె గదా?" అంది.

అవునన్నాను. పాలామె ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మా మేడమ్ ఉండి ఉంటే ఇదే సంగతి క్లాసులో నా చేత చెప్పించేవారు. కేక ఎక్కడ ఆగింది, అది నీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక చెంబు ఎట్లా పట్టుకున్నావు, అన్నీ అడిగేవారు. నేను తల వంచుకుని రెండు మాటలు చెప్పి ఆపేసేదాన్ని. ఆవిడ కిటికీ వైపు చూస్తూ కాసేపు ఆగి, "ఇంకేమైనా ఉందా?" అనేవారు.

ఈ కాలేజీ పత్రిక చదివేవాళ్ళలో కొందరు మా లెక్చరర్ గారి దగ్గర ఇంగ్లీషు వ్యాసరచన నేర్చుకుని ఉంటారు. అంతకు ముందు ఆవిడ మూడేళ్ళు వేరే సబ్జెక్టు చెప్పారు. అది చదివినవాళ్ళం చాలా తక్కువమందిమి. ఆవిడను గురించి రాయడానికి నాకన్నా తగినవాళ్ళున్నారు. కాని ఆ సబ్జెక్టు ఎందుకు ఆగిపోయిందో తెలిసి, రాయగలిగినదాన్ని నేనొక్కతెనే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

దాని పేరు కమ్యూనికేషన్. బి.ఏ.లో చరిత్ర, తర్కం, తత్వశాస్త్రంతో పాటు దాన్ని కూడా ఒక ఐచ్ఛికంగా, మూడేళ్ళు చూద్దామని యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. మా సంవత్సరంలో ఆరుగురం చేరాం. నేను చేరడానికి కారణం ఒకటే. అందులో బట్టీ పట్టేది ఏమీ లేదు. అది మాట్లాడే సబ్జెక్టని తెలిసి ఉంటే చేరేదాన్ని కాదు.

కమ్యూనికేషన్ అంటే ఆ రోజుల్లో అందరికీ రైళ్ళు, రోడ్లు, తంతి తపాలా. చరిత్ర చెప్పే మాస్టారు వరండాలో ఆవిడను ఆపి మా ఎదుటే అడిగారు.

"ఏమమ్మా, మీ పిల్లలకు పోస్టాఫీసులో ఉద్యోగాలు ఇప్పిస్తారా?"

"ఇప్పించనండి. పోస్టాఫీసు ఎందుకుందో అడిగేవాళ్ళను తయారుచేస్తాను."

"అడిగితే ఏం వస్తుందమ్మా?"

"మీ చరిత్ర చదివితే ఏం వస్తుందో అదే వస్తుంది."

మాస్టారు పెద్దగా నవ్వారు. ఆవిడ కూడా నవ్వి క్లాసులోకి వచ్చారు. సుద్దముక్కకు ఎప్పుడూ కాగితం చుట్టి పట్టుకునేవారు. సుద్దపొడి పడితే ఆవిడకు ఆయాసం వచ్చేది. ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. సుద్దముక్కకు చుట్టిన కాగితాన్ని విప్పుతూ, చుడుతూ చెప్పారు.

"ఏం జరిగిందో చరిత్రలో చదువుకుంటారు. ఏది సరైనదో తర్కంలో చదువుకుంటారు. మనం అడిగేది చాలా చిన్న ప్రశ్న. ఒకరు ఒకటి చెప్పారు. ఎదుటివాళ్ళకు ఏం చేరింది? ఇది తెలుసుకోవాలంటే చెప్పినవాళ్ళను అడిగితే చాలదు. విన్నవాళ్ళను అడగాలి."

మూడేళ్ళ పాఠమూ దాదాపు అంతే. ఆవిడ మమ్మల్ని కోర్టుకు తీసుకుపోయి సాక్షుల మాట వినిపించారు. చర్చిలో ప్రసంగం అయ్యాక, బయటికి వచ్చేవాళ్ళను పాస్టరు గారు ఏం చెప్పారని అడిగించారు. పదిమందిని అడిగితే పది ప్రసంగాలు వచ్చాయి. చేపల వేలంలో ఒక మనిషి కనుబొమ్మ ఎత్తితే బుట్ట ఎవరిదైపోతుందో చూపించారు. తిరిగొచ్చి ఏం చూశామో రాయమనేవారు. రాసింది చదివి, అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాసేవారు. తప్పు అని ఎన్నడూ రాయలేదు.

నేను అడగాల్సిన చోట వెనక నిలబడేదాన్ని. మిగతావాళ్ళు అడిగి వచ్చి చెప్పింది రాసుకునేదాన్ని. ఆవిడకు అది తెలుసు. ఒకరోజు నన్ను ఒక్కదాన్నే ఆపి అన్నారు.

"మాట్లాడనివాళ్ళు బాగా వింటారని అందరూ అంటారు. నేను నమ్మను. వాళ్ళు తమ భయాన్నే వింటూ ఉంటారు. నువ్వు దాన్ని కాస్త పక్కన పెట్టి చూడు."

కోపంగా అనలేదు. పుస్తకం ఇస్తూ అన్నట్టు అన్నారు.

రెండో ఏడు చివర, వేసవి సెలవులకు ముందు యూనివర్సిటీలో ఒక కమిటీ కూర్చుంది. ఇది ఉపన్యాసాలు నేర్పే తరగతిలా ఉంది గాని చదువులా లేదని కొందరన్నారట. విద్యార్థులు సొంతంగా విచారించి రాసింది ఏదైనా ఉంటే చూపించమన్నారు. ఆవిడ మా ఆరుగురినీ అడిగారు. కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఆగారు. ఆ నిశ్శబ్దం భరించలేక నేను నోరు తెరిచాను.

"మైపాడుకు ఉత్తరంగా ఒక జాలర్ల పాళెం ఉంది మేడమ్. అక్కడ నాకు తెలిసిన ముసలాయన ఒకాయన గుడ్డతో పడవలకు దారి చెబుతాడు."

ఆవిడ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం నా మాటకు ఎవరి ముఖంలోనూ నేను చూడలేదు.

మా తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉంటుంది. పడవ దాన్ని సముద్రంలో అర్ధచంద్రంగా వదిలి వస్తే, రెండు కొసలూ పట్టుకుని ఒడ్డు మీద జనం లాగుతారు. చేపల గుంపు ఎక్కడుందో పడవలోకన్నా ఎత్తు మీద నుంచి బాగా కనిపిస్తుంది. నీటి రంగు మారుతుంది, పక్షులు దిగుతాయి. అందుకని ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఒక మనిషి తుండుగుడ్డ పట్టుకుని నిలబడి, ఎటు పోవాలో, ఎప్పుడు వల వదలాలో చెబుతాడు. పాళెంలో ముప్పై ఏళ్ళుగా ఆ పని చేసే ఆయనను అందరూ దిబ్బ తాత అనేవాళ్ళు. దిబ్బ పక్కనే గుడిసె. ఒక్కడే ఉండేవాడు.

ఆ వేసవంతా బంధువుల ఇంట్లో ఉండి, రోజూ దిబ్బ ఎక్కి ఆయన పక్కన నోటుపుస్తకంతో కూర్చున్నాను.

"ఇది కుడికి. ఇది ఎడమకి. ఇట్ట తలకాయ మీద నిలిపితే ఆగమని. చేప నిదరపోతా ఉండాది, లేపబాకండి అని. రాసుకుంటివా?"

"రాసుకున్నా తాతా."

"ఏం రాస్తివో చదువు, వింటా."

చదివేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

"నీ కాయితంలో గాలి లేదే పాపా. గాలి ఉంటే గుడ్డ ఇంకో మాట చెప్తాది."

మధ్యలో నన్ను అడిగేవాడు. "పక్షులు యాడ దిగతా ఉండాయి పాపా? నీళ్ళు ఏ రంగుగా ఉండాయి?" నాకు తెలుసో లేదో పరీక్షిస్తున్నాడనుకుని చెప్పేదాన్ని. తప్పు చెబుతానేమోనని జాగ్రత్తగా చూసి చెప్పేదాన్ని. మొత్తం పదకొండు గుర్తులు రాసుకున్నాను. బొమ్మలు కూడా గీశాను.

మిగిలింది పడవవాళ్ళను అడగడం. ఒక రోజు వల ఒడ్డుకు వచ్చాక ధైర్యం చేసి వాళ్ళ దగ్గరికి నడిచాను. తడిసిన ఒళ్ళతో పదిమంది మగవాళ్ళు. పడవకు పెద్ద అయిన పోలయ్య మామ నన్ను చూసి గట్టిగా అన్నాడు.

"ఏం పాపా, పుస్తకం తెచ్చినావే! చేపలకు చదువు చెప్తావా?"

"వద్దులే మామా, చదువుకున్న చేప వలలో పడదు," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. అందులో చెడ్డ ఏమీ లేదు. ఎవరైనా నవ్వేసి అక్కడే కూర్చునేవాళ్ళు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఒక వాక్యం రాశాను. పడవలోని వారిని విచారించగా, ఈ పదకొండు గుర్తులనూ వారు చెప్పినవి చెప్పినట్లే గ్రహిస్తున్నారని తెలిసినదని. ఇంగ్లీషులో అది చాలా చక్కగా కుదిరింది. కాన్వెంటులో నేర్పిన వాక్యం. ఎక్కడా తడబాటు లేదు.

సెలవుల చివర ఆవిడ చూడడానికి వచ్చారు. బస్సు దిగి ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడిచారు. దిబ్బ ఎక్కేసరికి ఆయాసం. తాత ఎదురుగా నిలబడి మాట రాక చేతులు జోడించారు.

"ఎవురది?" అన్నాడు తాత.

"మా లెక్చరర్ గారు తాతా," అన్నాను.

తాత చేతులు జోడించాడు. ఆవిడకు కాస్త పక్కగా జోడించాడు. ఎండ కళ్ళల్లో పడుతోందనుకున్నాను. ఎండ ఆయన వెనక ఉంది. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు చూడలేదు.

ఆవిడ చూశారనుకుంటాను. ఆ తర్వాత గుడ్డ వైపు చూడలేదు. తాత ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా కాగితం చదివారు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది.

"విన్నవాళ్ళను అడిగావా?"

"అడిగాను మేడమ్."

"ఏమన్నారు?"

"అర్థమవుతుందన్నారు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. బస్సు ఒక వాగు దాటింది. అరటితోట దాటింది.

"ఇంకేమైనా ఉందా?"

"లేదు మేడమ్."

నా జీవితంలో నేను తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.

కమిటీకి ఆ కాగితం నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, తామే పాళెం వచ్చి కళ్ళారా చూస్తామన్నారు. గుడ్డ పట్టే మనిషిని, పడవవాళ్ళను ఒకచోట నిలబెట్టి అడుగుతామన్నారు. ఇది నిలబడితే సబ్జెక్టు నిలబడినట్టేనని ఆవిడ క్లాసులో చెప్పారు. చెబుతూ నా వైపు చూడలేదు. మూడు వారాలు నాకు అన్నం సహించలేదు. రోజూ ఆవిడ గది దాకా వెళ్ళేదాన్ని. తలుపు తెరిచే ఉండేది. వెనక్కి వచ్చేదాన్ని.

ఒక సోమవారం ఆవిడ వచ్చి సుద్దముక్కకు కాగితం చుట్టుకుంటూ, మామూలు గొంతుతో అన్నారు.

"పాళెం కాగితం నేను వెనక్కి తీసుకున్నాను. కమిటీ వాళ్ళు రారు."

ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు ఏమనిపించిందో దాచకుండా రాయాలి. ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

ఆ ఏటితో సబ్జెక్టు ఆగిపోయింది. మేము పరీక్షలు రాసి బయటపడ్డాం. మా తర్వాత చేరాల్సినవాళ్ళను చరిత్రకు పంపారు. ఆవిడ పదిహేనేళ్ళు ఆలోచించి, ఊరూరూ తిరిగి, పెద్దవాళ్ళను బతిమాలి తెచ్చిన చదువు అది. ఆ తర్వాత ఇంగ్లీషు వ్యాసాలు దిద్దే పని ఇచ్చారు. నా కాగితం ఒక కవరులో తిరిగి వచ్చింది. మార్కు లేదు. ప్రశ్న కూడా లేదు. ఆ వాక్యం పక్కన అంచులో పెన్సిలుతో నిలువుగా ఒక చిన్న గీత ఉంది, అంతే. నేను సరిగా రాయలేదని వెనక్కి తీసుకున్నారనుకున్నాను. అట్లా అనుకోవడం తేలిక.

మూడు నెలల కిందట ఆవిడ జబ్బు చేసి నెల్లూరుకు, తమ్ముడి ఇంటికి వచ్చేశారు. మా ఇంటికి నాలుగు వీధులు. నేను పనిచేసే బడికి పోయే దారి. రెండుసార్లు గేటు దాకా వెళ్ళాను. వరండాలో రెండు కుర్చీలు వేసి ఉండేవి. ఒకదాంట్లో శాలువా కప్పుకుని ఆవిడ. రెండోది ఖాళీ. ఎవరో వచ్చే వేళ కాబోలు, ఇంకోసారి వద్దామనుకుని తిరిగి వచ్చేశాను.

నిన్న సమాధుల తోటలో ఆవిడ మరదలు నాతో అన్నారు.

"రోజూ సాయంత్రం ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకునేది. ఎవరన్నా వస్తారా వదినా అంటే, రావచ్చు అనేది."

ప్రార్థన అయ్యాక మట్టి వేసి బయటికి వచ్చాను. గేటు పక్కన అయిదుగురు మగవాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడి ఉన్నారు. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక ఆగిపోయినట్టున్నారు. ముందు పోలయ్య మామ. తొలి బస్సుకు ఎవరో కబురు చెబితే బయలుదేరి వచ్చారట.

"మీకు ఆవిడ ఎట్లా తెలుసు మామా?" అన్నాను.

"ఎట్ట తెలుసునా? నీతో వచ్చినాక మళ్ళా మూడు తడవలు వచ్చినాది గదమ్మా. ఒకతే వచ్చినాది. పడవ ఎక్కతానని పట్టుబట్టినాది. ఈత వస్తాదా టీచరమ్మా అంటే, రాదు, మీరున్నారు గదా అనె. పాపం కక్కుకునింది. అయినా దిగతానంటే ఒట్టు."

వెనకనున్న ఒకాయన ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు.

"పడవలో కూర్చోని అడిగినాది," అన్నాడు పోలయ్య మామ. "ఆ గుడ్డ మీకేం చెప్తా ఉండాదని. మేం ముకాలు ముకాలు చూసుకున్నాం. ఆమె అట్టనే కూర్చోనుండాది, ఒక్క మాట అనలా. ఎంతసేపని ఊరుకుంటాం? చెప్పేసినాం."

"ఏం చెప్పారు?"

ఆయన నా వైపు చూసి, కళ్ళు దించుకుని చెప్పాడు.

"ముసిలాయనకు అప్పటికే రెండేళ్ళ నుంచి చూపు లేదమ్మా. గుడ్డ మాకేం చెప్తాది? చేపను మేమే చూసుకుంటాం. చూసినాక తెడ్లు వేసే పాట గొంతు పెంచి పాడతాం. అది ఆయనకు వినపడతాది. అప్పుడు గుడ్డ తిప్పతాడు. తిప్పిందాకా ఆగి, వల వదలతాం. ఒడ్డుకు వచ్చి, నువ్వు చెప్పినట్టే పడినాది తాతా అంటాం. దిబ్బ దిగమని ఎవురు చెప్పేది? దిగితే ఆ మనిషి నెల బతకడు."

"ఆయనకు తెలుసా?"

"తెలుసో తెలీదో మాకు తెలీదు. మేం అడగలా."

కమిటీ వాళ్ళు పాళెం వచ్చి, తాత ఎదుట పడవవాళ్ళను నిలబెట్టి, గుడ్డ మీకేం చెబుతుందని అడిగేవాళ్ళు. ఆవిడ కాగితం వెనక్కి తీసుకోకపోతే అదే జరిగేది. ఆవిడ అంతవరకూ వెతుకుతున్న అసలైన పాఠం ఆ పడవలో దొరికింది. దాన్ని చూపిస్తే సబ్జెక్టు నిలిచేది. చూపించలేదు. నా అబద్ధం సంగతీ ఎవరికీ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు మామా మీరు?"

"ఆమె వద్దనింది. ఎవురికీ చెప్పబాకండి, నేనూ చెప్పను అనింది. మరి ఆ పాపకో అన్నాం. ఆ అమ్మాయి వచ్చి అడిగితే నేనే చెప్తాలే అనింది. నువ్వు అడగలేదా?"

నేను అడగలేదు.

"ఇప్పుడు ఇద్దరూ పోయినారు గదా," అన్నాడు. "ఇంక ఎవురి కోసం దాచేది?"

తాత పోయిన వానల్లో పోయాడు. ఇప్పుడు దిబ్బ మీద ఎవరూ నిలబడరు. అయినా వల వదిలే ముందు పాట గొంతు పెంచి, ఒక్క క్షణం తెడ్లు ఎత్తి పట్టుకుని ఆగుతామని పోలయ్య మామ చెప్పాడు. ఎందుకో అలవాటు పోలేదన్నాడు. ఆ క్షణంలో పడవ తన మానాన ఊగుతూ ఉంటుందట. తర్వాత వల వదులుతారట.

ఈ ఉదయం బడికి పోతూ ఆ వీధిలోనే పోయాను. వరండాలో కుర్చీలు రెండూ అట్లాగే ఉన్నాయి. ఇంకా ఎవరూ లోపల పెట్టలేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగేవాళ్ళు లేరు.

ఉంది. దిబ్బ తాత మా అమ్మకు తండ్రి. సిగ్గుపడి ఆ మాట నేను మేడమ్‌కు ఎప్పుడూ చెప్పలేదు.